ముగ్గురు అప్పలలక్ష్ములు

ఉద్యోగం పీకడానికి వెళ్ళినవాడు, పీకించుకునే అమ్మాయికి గొడుగు పట్టిన సందర్భం కలకత్తా చరిత్రలో అంతకుముందు ఉందో లేదో తెలియదు. యోగేశ్ విషయంలో మాత్రం అదే జరిగింది.

యోగేశ్‌ది జగిత్యాల. న్యూ టౌన్‌లో అద్దాల భవనం ఏడో అంతస్తులో, కంపెనీలకు మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీలో ఎంప్లాయీ రిలేషన్స్ ఎగ్జిక్యూటివ్. పేరు వింటే బంధుత్వాలు కలిపే ఉద్యోగంలా ఉంటుంది. చేసేది తెంపడం. ఆ ఆఫీసులో "తీసేశాం" అనే మాట నిషిద్ధం. "మాతో మీ ప్రయాణం ఇక్కడితో సంపూర్ణమైంది" అనాలి. ఆ వాక్యం కనిపెట్టిన మేధావి యోగేశే. ఎనిమిది నెలల్లో నలభై ఒక్కమంది ప్రయాణాలు సంపూర్ణం చేశాడు. ఒక్కరూ అరవలేదు. ఒకాయన థాంక్యూ కూడా చెప్పాడు. పాపం, ఆయనకి సంగతి ఇంటికెళ్ళాక అర్థమై ఉంటుంది.

జూలైలో ఒక సోమవారం బాస్ అశోక్‌కుమార్ ఫైలొకటి అతని ముందు పెట్టాడు.

"గార్డెన్ రీచ్ దగ్గర కంటైనర్ యార్డు. గేటు దగ్గర లారీల లెక్క రాసే ట్యాలీ క్లర్క్. మీ భాష పిల్లే. తియ్యగా చెప్పి సంతకం పెట్టించుకురా."

"తప్పేం చేసింది సార్?"

"యార్డు వాళ్ళకి నేరుగా ఈమెయిల్ పెట్టింది. గేటు క్యాబిన్ కురుస్తోందట."

"కురుస్తోందా?"

అశోక్‌కుమార్ అతన్ని జాలిగా చూశాడు. "వానాకాలంలో అన్నీ కురుస్తాయి యోగేశ్. అందరూ ఈమెయిళ్ళు పెడుతున్నారా?"

రెండు బస్సులు మారి యోగేశ్ యార్డు చేరేసరికి వాన పట్టుకుంది. క్యాబిన్లోకి అడుగుపెట్టాక ఒక సంగతి తెలిసింది. వాన బయట సన్నగా, లోపల జోరుగా పడుతోంది. ఆ గది మధ్యలో, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ట్యాబ్ పట్టుకుని, కిటికీలోంచి లారీ మీది కంటైనర్ నంబరు చదువుతోంది ఒకమ్మాయి. జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళలోని కోపం ముందు వాన ఎంత.

"మేడమ్, నేను..."

"దాదా, ఎక్టు ధొరున్ తో!" అంటూ ఆమె గొడుగు అతని చేతిలో పెట్టేసింది. పట్టుకోమని అర్థమయ్యేలోపే పట్టుకున్నాడు.

ఒక లారీ వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడో లారీకి అతని కుడి భుజం పూర్తిగా తడిసింది. అప్పటికి ధైర్యం తెచ్చుకుని అడిగాడు. "మీరు తెలుగే గద?"

ఆమె తిరిగి చూసింది. "తెలుగోలా! ముందే సెప్పొచ్చు కదండీ. కొంచెం ఇటు పట్టండి, ట్యాబ్ తడిసిపోతంది."

ఇటు పట్టాడు. ఆ భంగిమలోనే, తన జీవితంలో అంతవరకూ ఎప్పుడూ తడబడని వాక్యాన్ని తడబడుతూ చెప్పాడు.

"అప్పలలక్ష్మి గారూ, మాతో మీ ప్రయాణం ఇక్కడితో సంపూర్ణమైంది."

"ఏ ప్రయాణం? మూడేళ్ళ బట్టీ ఈ కుర్చీలోనే కూకున్నాను కదా!"

"అంటే... మీ డిప్లాయ్‌మెంట్..."

"తీసేసినారా?"

"మేం ఆ మాట వాడమండి."

"వాడకపోతే తియ్యనట్టా?"

యోగేశ్ దగ్గర కాగితం ఉంది. అది ఇచ్చాడు. ఆమె ఒడిసిపట్టి చదివింది. "ఇందులో కారణం ఏదీ?"

"కారణం అవసరం లేదు మేడమ్. టెంపరరీ గద."

"మా నాన్న ఓడల డాకులో ముప్పయ్యేళ్ళు పన్జేసినాడు. నాకు అ ఆలు రాకముందే ఇది నేర్పినాడు. ఏడాదిలో రెండొందల నలభై రోజులు పన్జేసినోలిని తియ్యాలంటే నెల ముందు నోటీసివ్వాల. కారణం రాతలో ఇవ్వాల."

ఇది యోగేశ్‌కు తెలిసిన పాఠమే. హుషారుగా ఫైలు తెరిచాడు. "మీకు రెండొందల ఇరవై ఎనిమిదే అయినయ్ మేడమ్. పన్నెండు తక్కువ."

"ఈ కార్డు మీద," అందామె. సంచిలోంచి ఇంకో రెండు కార్డులు తీసి కిటికీ గట్టు మీద పేకముక్కల్లా పరిచింది.

మొదటిది శుభారంభ్ స్టాఫింగ్, ఎస్. అప్పలలక్ష్మి. రెండోది నవారంభ్ మ్యాన్‌పవర్, లక్ష్మి అప్పల. మెడలో వేలాడుతున్న మూడోది పునరారంభ్ సర్వీసెస్. దాని మీద ఎవరో బెంగాలీ గుమాస్తా చెవితో విని రాసిన పేరు, ఒపొల లొక్ఖి. ఆరంభాలు మూడు. అడ్రసు మాత్రం ఒకటే, న్యూ టౌన్ ఏడో అంతస్తు. మూడేళ్ళలో ఆ పిల్ల మూడు కంపెనీలు మారింది, కుర్చీలోంచి లేవకుండానే.

యోగేశ్ నోరు తెరిచాడు. అందులో రెండు చుక్కలు పడ్డాయి.

అప్పలలక్ష్మి కళ్ళు ఈలోపు అతని మెడలోని కార్డు మీదికి వెళ్ళాయి. పొద్దస్తమానం నంబర్లు చదివే కళ్ళు, ఊరుకుంటాయా? "చిరస్థాయీ కెరీర్స్. ఇది ఇంకో కంపెనీ కదా! మీరూ మాలాగ ఏజెన్సీ మనిషేనా?"

"లేదు, లేదు. నేను మేనేజ్‌మెంట్."

"కార్డుకి తెల్దు గావాల, పాపం."

చివరికి సంతకం పెట్టనంది. పెట్టనన్న సంగతి రాసి అతన్నే పెట్టమంది. ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో న్యాయశాస్త్రం ఆలోచించడం ఎవరికీ సాధ్యం కాదు. "కారణం అడిగారు. మూడేళ్ళుగా ఇదే సీటులో ఉన్నానన్నారు" అని రాసి యోగేశ్ సంతకం గీకేశాడు. ఆమె వెంటనే ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

"థాంక్యూ, దాదా," అని మొదటిసారి నవ్వింది.

నవ్వు బాగుంది. అన్నయ్యా అని అర్థమొచ్చే ఆ దాదా అన్న మాటే, ఎందుకో, తిరుగు బస్సులో న్యూ టౌన్ దాకా గుచ్చుకుంటూనే ఉంది. కలకత్తాలో కండక్టర్నీ కూరగాయలవాణ్ణీ అందరూ దాదా అనే పిలుస్తారు, అందులో చుట్టరికమేమీ లేదని తనకు తానే మూడుసార్లు చెప్పుకున్నాడు. మూడుసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు. దారిలో తన సొంత కాంట్రాక్టు కాగితాన్ని ఫోన్‌లో తెరిచి, చేరిన ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి చదివాడు. నాలుగో పేజీలో తనూ టెంపరరీయేనని చదివి ఫోన్ జేబులో పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఫొటో సంగతి తెలిశాక అశోక్‌కుమార్ మొహం పెట్టిన తీరు వర్ణించడం అనవసరం. "నువ్వు లేఖ ఇవ్వడానికి వెళ్ళావా, సాక్ష్యం చెప్పడానికి వెళ్ళావా? ఆదివారం వాళ్ళింటికి వెళ్ళు. సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నట్టు రాయించుకురా. లేకపోతే లిస్టులో ఇంకో పేరు చేరుతుంది."

ఆదివారం పొద్దున పదింటికి యోగేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, దారిలో ఉత్త చేతులతో వెళ్ళడం బాగోదని అరకిలో సందేశ్ మిఠాయి కొనుక్కుని గార్డెన్ రీచ్‌లో వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంప ముంచింది. ఎందుకంటే అదే ఆదివారం, అదే పదింటికి, పెళ్ళిళ్ళ బైరాగి ఒక సంబంధం పంపిస్తానని చెప్పి ఉన్నాడు.

"రండి బాబూ, రండి! కూకోండి," అంటూ అప్పలలక్ష్మి తల్లి తవిటమ్మ అతన్ని ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి, సందేశ్ అందుకుని, లోపలికి పరిగెత్తింది. వచ్చేటప్పుడు పళ్ళెం నిండా అన్నం, దాని మీద ఇలీశ్ చేప పులుసు.

తండ్రి గవరయ్య ఎదురుగా మంచం మీద కూర్చుని మీసం దువ్వాడు. "ఏ వూరు బాబూ?"

"జగిత్యాలండి."

"దూరమే. పరవాలేదు. ఏటి సేస్తన్నావు?"

యోగేశ్ నిజాయితీపరుడు. "ఉద్యోగాలు తీసేస్తనండి."

గవరయ్యకు చెవి కాస్త దూరం. "తెస్తావా? ఇప్పించీవోడివన్నమాట! మంచిదే. మరి నీది పర్మనెంటా?"

ఈ ప్రశ్న దగ్గరే యోగేశ్ గొంతులో ముల్లడ్డం పడింది. జగిత్యాల కుర్రాడికి ఇలీశ్ ముళ్ళు ఏరుకోవడం ఎవరు నేర్పుతారు? దగ్గు, కళ్ళలో నీళ్ళు. "ఓలమ్మ! ముల్లడ్డీసినాది! అప్పలా, నీలు తే!" అని తవిటమ్మ కేక.

నీళ్ళ గ్లాసుతో వచ్చిన అప్పలలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. పట్టుచీర కట్టి, పూలు పెట్టి ఉంది. దగ్గుతూనే చూశాడు యోగేశ్. దగ్గు ఆగింది.

"ఈయనేటి ఇక్కడ?"

"అబ్బాయే, అమ్మా. బైరాగి పంపినోడు."

"బైరాగి పంపినోడు కాదు నాన్నా. నన్ను పన్లోంచి తీసినోడు!"

కంగారుగా లేవబోయిన యోగేశ్ ఒళ్ళోంచి ఫైలు జారింది. ఫైల్లోంచి రాజీనామా కాగితం జారింది. టైపు చేసి, తేదీ వేసి, సంతకానికి చోటు మాత్రం ఖాళీగా ఉన్న కాగితం. అప్పలలక్ష్మి దాన్ని తీసి చదివింది. నీళ్ళ గ్లాసు అతనికి ఇవ్వలేదు.

"సొంత కారణాల వల్ల. నాకే తెలీని నా సొంత కారణాలు మీకు బాగా తెలుసునే! మా యింట్లో అన్నం తినీసి, మా అమ్మ సేత్తో ఒడ్డించుకుని, ఇది రాయించుకోడానికి వొచ్చినారా?"

"వచ్చిన. నిజమే." యోగేశ్ తల దించుకున్నాడు. "కానీ బయటికి తియ్యలేదు గద."

"దానంతటదే పడింది కాబట్టి సరిపోయింది!"

గవరయ్య మాత్రం నిదానంగా చేప వైపు, అతని వైపు చూశాడు. "ముల్లు తియ్యడం రాదు గానీ, మనుషుల్ని తియ్యడం వచ్చునేటి? తిను బాబూ. అన్నం ముందు కూకోబెట్టి లేపీయడం మా యింటా వంటా లేదు. ఆ ఇద్దె మీ కంపెనీలకే వుంది."

ఆ ముద్ద దిగినంత కష్టంగా యోగేశ్‌కు జీవితంలో ఏదీ దిగలేదు. బైరాగి చెప్పిన అసలు సంబంధం మాత్రం ఆ రోజు రానే లేదు.

అప్పలలక్ష్మి మర్నాడే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. యోగేశ్ అదే రోజు క్షమాపణ చెప్పడానికి ఫోన్ చేశాడు. మరుసటి రోజు, నిన్నటి క్షమాపణ సరిగ్గా చెప్పలేదేమోనని మళ్ళీ చేశాడు. మూడో రోజుకి క్షమాపణలు అయిపోయి, వానలెట్లా ఉన్నాయో కనుక్కోవడానికి చేశాడు. అతనిదీ అదే ఊరు, అదే వాన.

"ఏటి దాదా, మళ్ళీ?"

"ఒక్క రిక్వెస్టండి. దాదా అనకండి."

"మరేటనాల? సార్ అనాలా?"

"యోగేశ్ అనండి."

"ఫిర్యాదులో మీ పేరు అలాగ లేదు. 'ఎదుటి పార్టీ ప్రతినిధి' అని రాసినాను. పొడుగైపోతాది కాబట్టి ఎదుటి పార్టీ అంటాను. సరేనా?"

సరేనన్నాడు. దాదా పోయింది, అదే పదివేలు. ఆ పిలుపు ఎంత బాగుందంటే, ఆమె ఫోనెత్తి "సెప్పండి, ఎదుటి పార్టీ" అనే మాట కోసం అతను పూటపూటకీ వంకలు వెతుక్కునేవాడు. ఆమె అతన్ని నమ్మలేదు. అయినా ఫోనెత్తడం మానలేదు. ఈ రెండింటికీ పొంతన ఏమిటని అడిగితే ఆమె దగ్గర రాతలో కారణం లేదు.

ఆగస్టు రెండో వారంలో రాజీ చర్చకి పిలిచారు. లాయరు ఎందుకు దండగని ఏజెన్సీ యోగేశ్‌నే పంపింది. "రికార్డుల ప్రకారం ముగ్గురు వేరువేరు ఉద్యోగులు అని చెప్పు. ఇంకేం మాట్లాడకు," అన్నాడు అశోక్‌కుమార్.

లేబర్ ఆఫీసు వరండాలో ఒకే బెంచీ. వాది ఒక చివర, ప్రతివాది ఇంకో చివర. బయట వాన. జల్లు కొట్టిన కొద్దీ ఇద్దరూ మధ్యకు జరగాల్సి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

"ఇవాళ ఏటి సెప్తారు, ఎదుటి పార్టీ?"

"రికార్డుల ప్రకారం ముగ్గురు అని."

"ఓహో. అయితే ఈ ముగ్గురిలో మీరు రోజూ ఫోన్ సేస్తన్నది ఎవరికి?"

యోగేశ్ చెవులు ఎర్రబడ్డాయి. సమాధానం చెప్పేలోపు లోపలికి పిలుపు వచ్చింది.

ఆఫీసర్ చౌధురీ మేడమ్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి మూడు కార్డులూ బల్ల మీద వరసగా పెట్టింది. "ఎస్. అప్పలలక్ష్మి, లక్ష్మి అప్పల, ఒపొల లొక్ఖి. వీళ్ళు వేరువేరు మనుషులని, ఈమెకి రెండొందల ఇరవై ఎనిమిది రోజుల సర్వీసే ఉందని మీ సంస్థ వాదన. అంతేనా?"

అవును అంటే అయిపోయేది. ఒక్క మాట. నలభై ఒక్కమందికి అంతకన్నా పెద్ద మాటలే చెప్పాడు. కానీ యోగేశ్ ఆ కార్డుల మీది ఫొటోలు చూశాడు. మొదటి దాంట్లో అమ్మాయి పళ్ళు కనిపించేలా నవ్వుతోంది, కొత్త ఉద్యోగం కదా. రెండో దాంట్లో పెదవులు మాత్రం కాస్త సాగాయి. మూడో దాంట్లో అదీ లేదు. సూటిగా చూస్తోంది, ఈసారి ఎన్నాళ్ళో చెప్పండి అన్నట్టు.

"కాదు మేడమ్," అన్నాడు. "ముగ్గురూ ఈ అమ్మాయే. యార్డులో గేటు రిజిస్టర్ ఉంది, మూడేళ్ళూ ఒకే చేతిరాత. మీరు తెప్పించుకోండి. రెండొందల ఇరవై అయిదు రోజులు దాటిన వాళ్ళ పేర్లు నా స్క్రీన్ మీదికి వస్తయ్. నేను లేఖలు పంపుత. కంపెనీ పేరు మార్చి కొందర్ని మళ్ళీ తీసుకుంటరు. నోరు తెరిచినోళ్ళను తీసుకోరు. ఆమె చేసిన తప్పు, క్యాబిన్ కురుస్తోందని చెప్పడమే."

మేడమ్ కలం ఆపింది. "ఇది రాసుకోమంటారా? మీ ఉద్యోగం?"

"రాసుకోండి మేడమ్."

పక్క కుర్చీలో అప్పలలక్ష్మి, మూడేళ్ళలో ఎవరి ముందూ తడుముకోని పిల్ల, ఆ రోజు కాగితం మీద సంతకం చేస్తూ తన పేరు స్పెల్లింగే తప్పు రాసి, కొట్టేసి మళ్ళీ రాసింది.

లోపలి మాట ఏజెన్సీకి ఎవరు చేరవేశారో గానీ, యోగేశ్ మెట్లు పూర్తిగా దిగకముందే ఫోన్లోకి మెయిల్ వచ్చింది. "ప్రియమైన యోగేశ్, మాతో మీ ప్రయాణం ఇక్కడితో సంపూర్ణమైంది." అన్నీ తను రాసిన వాక్యాలే. రెండో పేరాలో ఒక కామా తప్పు, అదీ తనదే. వానలో నిలబడి, పిచ్చివాడిలా నవ్వాడు.

తర్వాత పన్నెండు రోజులు అతను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఉద్యోగం ఊడినవాడు వానల గురించి ఏ మొహంతో అడుగుతాడు? నీది పర్మనెంటా అని గవరయ్య అడిగిన ప్రశ్న చెవిలో అలాగే ఉంది. ఈలోపు యార్డు వాళ్ళు రిజిస్టర్ బయటపడుతుందని భయపడి ఏజెన్సీని తొందరపెట్టారు. ఏజెన్సీ లేఖ వెనక్కి తీసుకుని, మూడేళ్ళ సర్వీసూ ఒకరిదేనని ఒప్పుకుని, అప్పలలక్ష్మిని మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టింది. క్యాబిన్ పైకప్పు మీద టార్పాలిన్ కూడా వేశారు. అది నీలం రంగుది, రెండు చోట్ల చిరిగింది. ప్రగతి ఒక్కసారిగా రాదు.

పదమూడో రోజు ఫోన్ వచ్చింది.

"ఏటి యోగేశ్ గారూ, ఎక్కడున్నారు?"

పేరు! అతను మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "రూముల. జగిత్యాలకు టికెట్ చూస్తున్న."

"టికెట్ తర్వాత సూద్దురు గానీ, మీరు సేరి ఎన్నాళ్ళయిందో సెప్పండి."

"తీసేసిన నాటికి రెండొందల డెబ్బై ఒకటి."

"అందర్ని లెక్కపెట్టీవోడ్ని లెక్కపెట్టడానికి మనిషిని పెట్టలేదన్నమాట! రెండొందల నలభై ఎప్పుడో దాటిపోయినారు. రేపు పదకొండింటికి లేబర్ ఆఫీసుకి రండి. ఆ కార్డు తెండి."

"నేను మేనేజ్‌మెంట్ కద, నాకు వర్తించదు."

"ఎవర్నైనా సొంతంగా తీసీ అధికారం వుందా మీకు?"

"లేదు."

"పెట్టుకునీ అధికారం?"

"లేదు."

"సెలవిచ్చీ అధికారం?"

"నాకే ఇయ్యలేదు."

"మరి మేనేజ్ సేసిందేటి? మీరూ వర్కరే. వాదిస్తాను. రండి."

వెళ్ళాడు. ఆమె సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. సాయంగా గవరయ్య. ఫిర్యాదు ఫారం బెంగాలీలో ఉంది. యోగేశ్‌కు బెంగాలీ అక్షరం ముక్క రాదు. ఆమే బెంచీ మీద కూర్చుని చకచకా నింపింది. మధ్యలో ఒక చోట కలం ఆగింది. ఆమె ఒకసారి తండ్రి వైపు, ఒకసారి వాన వైపు చూసి, యోగేశ్ వైపు అసలు చూడకుండా ఏదో రాసి, ఫారం తీసుకెళ్ళి కిటికీలో ఇచ్చింది.

లోపలి గుమాస్తా నియమం ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టాడు. ఫిర్యాదుదారు పేరు, సంస్థ పేరు, పని చేసిన రోజులు. "ఫిర్యాదుదారు తరపున మాట్లాడే మనిషి, సూరాడ అప్పలలక్ష్మి. ఫిర్యాదుదారుతో సంబంధం..." ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూశాడు. "హొబు బొవు."

"అంటే?" అన్నాడు యోగేశ్.

గుమాస్తా అతన్ని చూసి జాలిపడి హిందీలో చెప్పాడు. "కాబోయే భార్య అని రాశారు. నిజమేనా?"

యోగేశ్ మెల్లగా పక్కకు తిరిగాడు. అప్పలలక్ష్మి కలానికి మూత పెడుతోంది. ఒక మూత పెట్టడానికి అంత శ్రద్ధ, అంతసేపు ఎవరికీ పట్టదు.

"నన్ను అడగకుండనే?"

"అభ్యంతరం వుంటే ముప్పై రోజుల్లోపు రాతలో ఇవ్వండి," అంది తలెత్తకుండా. చెవుల దాకా ఎర్రబడింది.

"అభ్యంతరం లేదు." మళ్ళీ గట్టిగా అన్నాడు. "అస్సలు లేదు. అదీ రాతలో ఇయ్యాల్నా?"

అప్పుడు చూసిందామె. మొదటి కార్డు మీది నవ్వు, పళ్ళు కనిపించేలా.

ఇద్దరూ భయంగా గవరయ్య వైపు తిరిగారు. ఆయన మీసం దువ్వుతూ కాసేపు ఫారం వైపు చూశాడు. పిల్లకి పర్మనెంటు ఉద్యోగస్తుణ్ణి తెస్తానని కులదేవతకు మొక్కుకున్న మనిషి. ఎదురుగా ఉన్నదేమో ఉద్యోగమే లేని మనిషి, అది కూడా తన కూతురి కోసం పోగొట్టుకున్నవాడు.

"గవర్మెంటు కాయితం మీద ఎక్కీసినాక నాను ఏటి సేస్తాను?" అన్నాడు చివరికి, ఎవరో తనను మోసం చేసినట్టు. తర్వాత కిటికీలోకి వంగి గుమాస్తాతో, "ఏటి దాదా, సూస్తన్నావు? ఎయ్యి స్టాంపు!"

గుమాస్తా వేశాడు.